పుప్పొడి రోగమునకు అన్నమే ఔషధమగునా?

తొలకరి వానలు కురిసిన కొలది దినములకే మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో బాటల కిరువైపులను, బీళ్లయందును, రైలుకట్టల వెంబడిని తెల్లని చిన్న పూలతో నొక మొక్క దట్టముగా పెరుగును. దీనిని వయ్యారిభామ యనియు, కాంగ్రెసు గడ్డి యనియు పిలుతురు. పేరు సొగసైనదే గాని గుణము మంచిది గాదు. గడచిన వానకాలమున నొకనాడు పాఠశాల ఆవరణమును శుభ్రపఱచు తరుణమున నేను నా తరగతి పిల్లలచేత ఈ మొక్కలను పెరికించితిని. అప్పటికే అవి విరగబూచియుండెను. పిల్లల చేతులకు తొడుగులు లేవు; ముక్కులకు గుడ్డలు లేవు. అరగంట గడువకమునుపే యొక బాలిక కన్నులెఱ్ఱవాఱి, తుమ్ములాగక, పిమ్మట ఊపిరి తిరుగక చతికిలబడెను. ఆసుపత్రికి గొనిపోగా చికిత్సవలన సాయంకాలమునకు తేఱుకొనెను. తప్పు నాది. మొక్క స్వభావమును తెలిసికొనక పిల్లలను పనికి బంపితిని.

వారము దినములకు ఆ బాలిక తండ్రి నన్ను చూడ వచ్చెను. ఆయన మగ్గము నేయువాడు. నన్ను దూషించునని యెదురుచూచితిని గాని ఆయన రెండు ప్రశ్నలు మాత్ర మడిగెను. “అయ్యవారూ, జపాను దేశములో పుప్పొడి జబ్బునకు బియ్యములోనే మందు పండించినారట. ఆ బియ్యము మనకు దొరకునా? దొరకనిచో ఈ పూలపొడినే రవంత తేనెలో కలిపి దినదినము బిడ్డచేత నాకించితిమా, ఒంటికి అలవాటు పడదా?” అనెను. ఆ రెంటికిని ఆనాడు నాకు సరియైన సమాధానము తెలియలేదు. తెలియకయే తల యూపినచో రెండవ తప్పు చేసినవాడ నగుదునని తలచి, గడువడిగి, చదివి తెలిసికొంటిని. ఇట్టి బిడ్డలు గల యితర తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఆ విషయమును ఇచట వ్రాయుచున్నాను.

ముందుగా ఈ రోగ మెట్టిదో తెలిసికొందము. పుష్పములలోని పురుషభాగమునుండి వెలువడు సన్నని పొడికే పుప్పొడి యని పేరు. కొన్ని మొక్కలు దీనిని తేనెటీగలచేత మోయించును. కొన్ని గాలిలోనికి వదలును. మన శరీరమున పరశత్రువులను కనిపెట్టుటకు కావలివాండ్రవంటి కణము లున్నవి. గ్రామములోని తలారి దొంగను బట్టినచో అందఱికిని మేలే. అతడు బొరపడి చుట్టమును దొంగ యని కొట్టి ఊరంతయు గగ్గోలు చేసినచో కీడు. పుప్పొడి స్వతహాగా శత్రువు గాదు. అయినను కొందఱి శరీరము దానిని శత్రువని భ్రమించి, ఐ. జి. ఇ. యను ప్రతిరక్షకమును తయారుచేయును. ఆ ప్రతిరక్షకము ముక్కు, కన్ను, ఊపిరిగొట్టములలోని మాస్టు కణములపై కాపుండి, మఱల అదే పుప్పొడి వచ్చినప్పుడు హిస్టమిన్ మొదలైన ద్రవ్యములను వెలువరించును. అందువలన తుమ్ములు, ముక్కు కారుట, కన్నుల దురద, కొందఱికి ఉబ్బసము కలుగును. దీనినే అలర్జీ యందురు. ఆ పదమును ఆస్ట్రియా దేశీయుడగు ఫాన్ పిర్కే అను వైద్యుడు 1906లో కల్పించెను.

ఈ జ్ఞానము ఒక్కనాట వచ్చినది గాదు. 1819లో లండనులోని జాన్ బాస్టాక్ అను వైద్యుడు ఏటేట వేసవిలో తన్ను బాధించు ఈ జబ్బును లోకమునకు వర్ణించి చెప్పెను గాని కారణమును కనుగొనలేకపోయెను. మాంచెస్టరు నగరపు చార్లెస్ బ్లాక్లీ తానే రోగియై, తానే పరీక్షకుడై, జిగురు పూసిన గాజుపలకలను గాలిపటములకు కట్టి ఎగురవేసి, ఆకాశమున పుప్పొడి యెంత యెత్తున తేలుచున్నదో లెక్కించి, 1873లో గ్రంథముగా ప్రకటించెను. గాలిపటము లెగురవేయు మన బాలురు ఈ సంగతి గుర్తుంచుకొందురుగాక. ఐ. జి. ఇ. ప్రతిరక్షకమును 1966లో జపానులో పుట్టి అమెరికాలో పనిచేయుచుండిన ఇషిజాకా దంపతులు గుర్తించిరి.

మన సీమలో ఈ జబ్బునకు కారణమగు మొక్కలలో రెండు విదేశములనుండి వచ్చినవే. వయ్యారిభామ అమెరికా ఉష్ణప్రదేశములది. మన దేశమున 1955వ సంవత్సర ప్రాంతమున పూనాలో దీనిని గుర్తించిరి. పిమ్మట దేశమంతట వ్యాపించెను. దీని పుప్పొడివలన ముక్కు జబ్బును, దీనిలోని పార్థెనిన్ అను విషపదార్థమువలన చర్మమున దద్దురులును కలుగును. మనకు సమీపమున నున్న బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో ఈ పుప్పొడిని గూర్చి ముఖ్యమైన పరిశోధనలు జరిగినవి. రెండవది సర్కారు తుమ్మ. వంటచెఱకునకై దీని విత్తనములను తెప్పించి 1877లో మన పొరుగుననే కడప జిల్లా కమలాపురమున నాటిరి. నేడు మన చెఱువుల గర్భములలో ఇది లేని చోటు అరుదు. దీని పుప్పొడియు అలర్జీ కలిగించునదే. మేలు కోరి తెచ్చినది కీడును మూటగట్టుకొని రావచ్చునని ఈ చరిత్ర మనకు నేర్పుచున్నది. క్రొత్త పంటలను గూర్చి మాటలాడునపుడు ఈ పాఠమును మఱువరాదు.

ఇక చికిత్స. అలవాటు చేయుటవలన అలర్జీ తగ్గునా యను ఆ తండ్రి ఆలోచన వట్టిది గాదు. 1911లో లండను సెయింట్ మేరీ ఆసుపత్రిలో లెనార్డ్ నూన్ అను వైద్యుడు గడ్డి పుప్పొడి రసమును అతి స్వల్ప మోతాదులతో ఆరంభించి, క్రమముగా హెచ్చించుచు సూదిమందుగా నిచ్చి రోగులకు మేలు కలుగుట చూపెను. అతడు క్షయవ్యాధిచే 1913లో చిన్నవయసుననే మరణించెను గాని అతని మార్గము నిలిచినది. నూఱేండ్లు దాటినను అలర్జీ వైద్యులు దానినే అనుసరించుచున్నారు. సూదికి బదులు నాలుకక్రింద నుంచుకొను గడ్డి పుప్పొడి మాత్రలను ఐరోపాలో 2006లో అనుమతించిరి. ఈ చికిత్స మూడేండ్ల పాటు సాగవలెను. వైద్యుని కనుసన్నలలో జరుగవలెను.

తినుటవలన శరీరము ఓర్పు నేర్చునన్న మాటకు మఱొక సాక్ష్యము గలదు. మనము దినదినము పరుల దేహములనుండియు మొక్కలనుండియు వచ్చిన మాంసకృత్తులను తినుచున్నాము. వానినన్నిటిని శత్రువులుగా నెంచినచో మనము బ్రతుకలేము. కనుక ప్రేగులలోని కావలికణములు, నోటిద్వారా వచ్చినదానిని సాధారణముగా ఆహారమని గ్రహించి ఊరకుండుట నేర్చుకొన్నవి. 1911లోనే అమెరికాలో వెల్స్, ఆస్బర్న్ అను శాస్త్రజ్ఞులు మొక్కజొన్న మేసిన గినీపందులకు, తరువాత మొక్కజొన్న మాంసకృత్తును సూదితో నిచ్చినను అలర్జీ కలుగకుండుటను కనిపెట్టిరి.

మన చెనక్కాయ యందును ఇట్టి పాఠమే కలదు. మన సీమలో పాలు మాన్పుచున్న బిడ్డకును ఉగ్గులోనో, చట్నీలోనో చెనక్కాయ రుచి తెలియును. ఇంగ్లండు, అమెరికాలలో మాత్రము చెనక్కాయ అలర్జీకి జడిసి శిశువులకు దానిని పెట్టవలదని కొంతకాలము బోధించిరి. లండను వైద్యులు 4 మొదలు 11 మాసముల వయస్సు గల 640 మంది శిశువులను, అలర్జీ రాదగిన లక్షణములు గలవారిని, రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు చెనక్కాయను తినిపించి, రెండవదానికి మాన్పించి అయిదేండ్ల వయసువఱకు గమనించి 2015లో ఫలితములను ప్రకటించిరి. మొదట పరీక్షలో ఏ ప్రతిక్రియయు కనబడని బిడ్డలలో, మానినవారికి నూటికి 13.7 మందికిని, తినినవారికి నూటికి 1.9 మందికిని మాత్రమే చెనక్కాయ అలర్జీ కలిగెను. మాన్పుటయే రక్షణ యని తలచినది పొరబాటాయెను. అయితే ఇది రోగము రాకమునుపటి మాట. వచ్చిన పిమ్మట తినిపించుట వేఱు సంగతి. దానిని ముందు చెప్పెదను.

ఇప్పుడు జపాను బియ్యమునకు వత్తము. రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట కలపకొఱకై ఆ దేశమున కొండలనిండ సుగి యను దేవదారుజాతి వృక్షములను నాటిరి. అవి పెరిగి పెద్దవై ప్రతి సంవత్సరము ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వఱకు మేఘములవలె పుప్పొడిని చిమ్ముచున్నవి. కోట్లకొలది జనులు ఆ కాలమున ముక్కు మూసుకొని తిరుగవలసివచ్చెను. కావుననే త్సుకుబా నగరములోని జాతీయ వ్యవసాయ జీవశాస్త్ర పరిశోధనాలయములో ఫుమియో తకైవా మొదలగువారు వరిగింజలోనే మందును పండింప పూనుకొనిరి.

వారి యుక్తి మెచ్చదగినది. సుగి పుప్పొడిలో రోగమును కలిగించు ముఖ్యమైన మాంసకృత్తులు రెండు. ఒక్కొక్కటి పొడవైన పూసలదండవంటిది. ఐ. జి. ఇ. ప్రతిరక్షకము ఆ దండను దాని మడతలు గల ఆకారమును బట్టి గుర్తించును. శరీరమునకు ఓర్పు నేర్పదగిన టి-కణములో, ఆ దండలోని కొన్ని చిన్న తునుకలను బట్టియే గుర్తించును. కనుక శాస్త్రజ్ఞులు పూర్తి దండను విడిచి, టి-కణములు గుర్తించు తునుకలను మాత్రము ఏఱి, ఏడింటిని ఒకదానివెంట నొకటి కూర్చిరి. ఈ కూర్పును ఐ. జి. ఇ. పట్టుకొనజాలదు, అందుచేత తుమ్ములుగాని ఊపిరాడమిగాని కలిగించు భయము మిక్కిలి తక్కువ. పాఠము చెప్పవలసినవానికి మాత్రము పాఠము చేరును.

ఇట్టి కూర్పును తయారుచేయు ఆజ్ఞయే జన్యువు. వేఱు ప్రాణియొక్క జన్యువును మొక్కలో ప్రవేశపెట్టిన పంటను జన్యుమార్పిడి పంట యందురు. వారు ఆ జన్యువును వరిమొక్కలో చేర్చి, గింజలో మాత్రమే అది పనిచేయునట్లు ఏర్పాటు చేసిరి. వరిగింజ తన మాంసకృత్తులను చిన్న చిన్న తిత్తులలో దాచుకొనును. ఆ తిత్తులు కడుపులోని పులుసునకు త్వరగా కరగక ప్రేగులవఱకు పోగలవు. గింజ యెండినపిమ్మట మంచుపెట్టె లేకయే చాలకాలము నిలువ యుండును. 2005లో ప్రకటించిన పరీక్షలలో ఈ బియ్యమును ముందుగా తినిన చుంచులకు, పిమ్మట పుప్పొడిని ఎక్కించినను, ఐ. జి. ఇ. తక్కువగా పుట్టెను, హిస్టమిన్ తగ్గెను, తుమ్ములును తగ్గెను.

అయినచో ఆ బియ్యము అంగళ్లలో నేల లేదు? మొదటి కారణము, చుంచు వేఱు, మనుష్యుడు వేఱు. టోక్యోలోని జికేయి వైద్యవిశ్వవిద్యాలయమువారు మనుష్యులకును ఇట్టి బియ్యమును తినిపించి చూచిరి. టి-కణముల ఆగ్రహము తగ్గిన గుర్తులు కనబడినవి గాని, పరీక్షింపబడినవారు కొలదిమందియే. రోగబాధ నిశ్చయముగా తగ్గునని నిర్ణయించుటకు అవి చాలవు. రెండవ కారణము, అన్నమనగా ఆకలి గొలది తినునది. మందనగా తూచి యిచ్చునది. ఒకనాడు రెండు ముద్దలును, ఒకనాడు పళ్లెమునిండను తినునది మందుగా నెట్లు పనిచేయును? ఈ విషయము నాలోచించియే జపాను ప్రభుత్వము 2007లో ఈ బియ్యమును ఆహారముగా గాక ఔషధముగా పరిగణింపవలెనని నిర్ణయించెను. అంతట ఔషధములకు కావలసిన దీర్ఘపరీక్షలన్నియు అవసరమాయెను. మూడవ కారణము, మందు గల వడ్లు మందులేని వడ్లతో కలియరాదు. కల్లములో, మిల్లులో, సంచిలో ఎక్కడ కలిసినను, అక్కఱలేనివారు మందు తినవలసివచ్చును.

మన దేశమున జన్యుమార్పిడి పంటలలో రైతులకు సాగుకై వచ్చినది పత్తి. 2002లో దానికి అనుమతి లభించెను. బి. టి. వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము నిలిపివైచెను. ఆవ పంటకు 2022లో అధికారసంఘ మొకమెట్టు అనుమతి నొసగినను, 2024 జూలైలో సుప్రీముకోర్టు న్యాయమూర్తు లిరువురును భిన్నముగా తీర్పు చెప్పిరి. 2025 మేలో హైదరాబాదు వరి పరిశోధనాలయమువారి కమల యను వంగడమును ప్రకటించినపుడు కొందఱు దానిని జన్యుమార్పిడి బియ్యమని తలచిరి. అది సాంబమసూరిలోని సొంత జన్యువునే సవరించి చేసినది. పరాయి జన్యువు చేర్చినది గాదు. దిగుబడికొఱకైనదే గాని మందు కాదు. కావున ఆ తండ్రి మొదటి ప్రశ్నకు సమాధానము: జపాను బియ్యము సుగి పుప్పొడికి మాత్రమే యుద్దేశింపబడినది, అది మనకు దొరకదు, దొరకినను వయ్యారిభామకు పనికిరాదు. ఎవరైన అట్టి బియ్యమని చెప్పి అమ్మజూచినచో కొనవలదు.

రెండవ ప్రశ్నకు సమాధాన మింకను ముఖ్యమైనది. పూలపొడిని తేనెలో కలిపి బిడ్డకు పెట్టరాదు. జపాను శాస్త్రజ్ఞులు ఇన్నేండ్లు శ్రమించి దేనిని విడదీసిరో, ఐ. జి. ఇ. పట్టుకొను ఆ భాగమంతయు సహజమైన పుప్పొడిలో నున్నది. దానికి తోడు వయ్యారిభామలో విషము కలదు. చెనక్కాయ అలర్జీ గల పిల్లలకొఱకు అమెరికా ప్రభుత్వము 2020 జనవరిలో అనుమతించిన చెనక్కాయపిండి మందును చూడుడు. దాని తొలి మోతాదు అర మిల్లిగ్రాము మాంసకృత్తు; అనగా ఒక గింజను ఇంచుమించు ఆఱువందల భాగములు చేసిన అందొక భాగము. దానినైనను వైద్యుని యెదుటనే మ్రింగింపవలెను. మోతాదు హెచ్చించిన ప్రతిసారియు అట్లే. చిటికెతో తీసి కలిపిన పూలపొడి యెన్ని మోతాదులో యెవ్వరు చెప్పగలరు? గొంతు వాచి, ఊపిరి నిలిచినచో, పల్లెనుండి ఆసుపత్రి చేరులోపల బిడ్డ దక్కకపోవచ్చును.

మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఉబ్బసమునకు చేపనోట మందుంచి మ్రింగించుటను మీలో పలువురెఱుగుదురు. మన ప్రాంతమునుండియు రైళ్లెక్కి పోవువారు కలరు. ఎవరి నమ్మకమును నేను నిందింపను. కాని ఆ మందు ఉబ్బసమును మాన్పునని శాస్త్రీయ పరీక్షలలో రుజువు కాలేదు. పోవువారు పోయినను, వైద్యుడు వ్రాసిన మందును మానరాదని మాత్రము వేడుకొనుచున్నాను.

మఱి చేయదగిన దేమి? అంగడిలో క్రొత్త బియ్యము లేకున్నను చేతిలో చాల పనులున్నవి. వయ్యారిభామను పూవు పూయకమునుపే, నేల తడిగా నున్నపుడు, చేతొడుగులతోను ముక్కునకు గుడ్డతోను వేళ్లతో సహా పెరుకవలెను. అలర్జీ గలవారు ఆ పనికి పోరాదు. మెక్సికోనుండి తెప్పించి 1984లో బెంగుళూరున విడిచిన యొక చిన్న పెంకుపురుగు ఈ మొక్క ఆకులనే తిని బ్రతుకును. వానకాలమున మొక్కలపై అది కనబడినచో చంపవలదు. పూతకాలమున తెల్లవాఱుజామున బయట తిరుగుట తగ్గింపవలెను. బయటనుండి వచ్చి ముఖము కడుగుకొనవలెను. నెలకు మించి తుమ్ములుగాని, రాత్రి దగ్గుగాని, పిల్లికూతలుగాని యున్నచో వైద్యునిచేత పరీక్ష చేయింపవలెను.

తల్లిదండ్రులకు మఱొక మాట. ఉబ్బసమునకు పీల్చుమందు వాడిన అలవాటై పోవుననియు, ఆడపిల్ల వాడుట నలుగురు చూచిన పెండ్లికి అడ్డమగుననియు కొందఱు దానిని దాచుదురు. పీల్చుమందు మత్తుపదార్థము గాదు. దానివలన మందు కొలదిగా, నేరుగా ఊపిరితిత్తులకు చేరును. దాచినందున జబ్బు దాగదు. బిడ్డ సంచిలో మందున్నదని ఉపాధ్యాయునకు చెప్పుడు. ఆపద్సమయమున మాకది తెలిసియుండవలెను. నాకు నాడది తెలిసియున్నచో ఆ బాలికను పనికి పంపకయే యుందును.

ఈ యేడు తొలకరికి మేము మఱల మొక్కలు పెరికితిమి. ఈమాఱు పూతకు మునుపు, తొడుగులతో. ఆ బాలిక వరండాలో కూర్చుండి ఏ తరగతి యెన్ని తట్టలు పెరికినదో లెక్క వ్రాసెను. ఆమె సంచిలోని మందు ఎచట నున్నదో నాకును, ఆమె స్నేహితురాండ్రకును తెలియును. ఆమె తండ్రికి నేను చెప్పిన సమాధానమును ఆయన శ్రద్ధగా విని, “అయితే ఆ బియ్యము ఎప్పటికైన వచ్చునా?” యని అడిగెను. రావచ్చును. ఒకవేళ అట్టి పంటను సృజించు శాస్త్రజ్ఞుడు మన బల్లలపైననే కూర్చుండి నేడు జీవశాస్త్రము చదువుచుండవచ్చును. అంతవఱకు దేవుడిచ్చిన బుద్ధిని వినియోగించి, తెలియనిదానిని తెలిసినవారి నడిగి, ఒకరి శ్వాస నొకరు కాపాడుకొనుట మన విధి.